దేవుణ్ణి నమ్మని ఇంట్లో పిల్లల పండుగలు: ఏది మేలు?

వినాయక చవితి దగ్గరపడుతుంటే విశాఖ ఎం.వి.పి. కాలనీలో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్ చూసినా పందిరి లేస్తుంది. చందా పుస్తకంతో తలుపు కొట్టే పిల్లల గుంపులో మన పిల్ల కూడా ఉంటుంది. దేవుణ్ణి నమ్మని తల్లిదండ్రులకు అసలు చిక్కు అక్కడే. ఉన్న దారులు మూడు: పండుగే వద్దనడం, నోరు మూసుకుని అన్నీ చేసేయడం, పండుగ ఉంచుకుని పూజ వదిలేయడం.

మొదటి దానిలో నిజాయితీ ఉంది, కాదనను. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుటుంబం అలాగే నిలబడింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. ఆ పిల్లలు ఒక ఉద్యమం మధ్యలో పెరిగారు. మన రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఉద్యమం ఎక్కడుంది? కింద డప్పులు మోగుతుంటే బాల్కనీలో నిలబడి చూసే పిల్లకు హేతువాదం వంటబట్టదు, తనను ఆటలోకి రానివ్వలేదన్న ఉక్రోషం మిగులుతుంది.

రెండోది సుఖం. అత్తగారు సంతోషం, టెన్షన్ లేదు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. కానీ "నాన్నా, దండం పెట్టుకుని దేవుణ్ణి ఏం అడిగావు?" అంటే ఏం చెబుతాం? అబద్ధమే. పైగా పండుగతో పాటు భయాలు కూడా ఇంట్లోకి వస్తాయి. "చంద్రుణ్ణి చూడకు, నీలాపనిందలొస్తాయి", "లెంపలేసుకో, కళ్లు పోతాయి". నాకు అభ్యంతరం ప్రసాదంతో కాదు, ఈ మాటలతో.

అందుకే నా ఓటు మూడోదానికి. శ్రమ ఎక్కువే. చవితికి 21 రకాల పత్రి అంటారు కదా, పిల్లలతో కలిసి ఆకులు గుర్తుపట్టండి: మాచిపత్రి, ఉత్తరేణి, వావిలి, జమ్మి. ఉమ్మెత్త, గన్నేరు విషం, ముట్టుకున్నాక చేతులు కడిగించాలి. శమంతకమణి కథ కథలాగే చెప్పి, విన్నాక మేడ మీదికెళ్లి చంద్రుణ్ణి చూడొచ్చు. (నాన్నమ్మ ఇంట్లో ఉంటే ఆవిడ ముందు పంతానికి చేయకండి.)

సంక్రాంతి ఇంకా తేలిక. భోగి మంట, ముగ్గు, అరిసెలు, హరిదాసు, వీటికి నమ్మకంతో పనేముంది? ఆకాశం గురించి చెప్పడానికీ మంచి సందు. సంక్రాంతితో ఉత్తరాయణం మొదలంటారు గానీ సూర్యుడు నిజంగా వెనక్కి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తల తిప్పుతుండటం వల్ల ఇన్ని శతాబ్దాల్లో ఆ తేడా వచ్చింది. ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడి చూస్తే, చలికాలం మొదట్లో పొద్దుపొడుపు రోజురోజుకీ కుడివైపుకు, అంటే డాల్ఫిన్స్ నోస్ కొండ వైపుకు జరుగుతూ వచ్చి, డిసెంబరు చివర్లో మళ్లీ ఎడమకు మళ్లుతుంది. నెలకోసారి తీసుకెళ్లినా పిల్లలు పట్టేస్తారు.

ఇంకో మాట. పండుగంటే హిందూ పండుగే అనుకుంటే మూడో దారి సగమే నడిచినట్టు. హార్బరు దగ్గర రాస్ హిల్ మీద చర్చి, పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. మూడూ ఎక్కించండి. ఎవరి దేవుడు వారికి ఎంత ముఖ్యమో పిల్లలకు అక్కడే తెలుస్తుంది.

ఈ దారి ఇరుకయ్యేది పెద్దవాళ్ల మొక్కుల దగ్గర. సింహాచలంలో తలనీలాలు ఇస్తామని తాతయ్య మొక్కుకుంటే? పిల్లాడు ఊఁ అంటే నేను అడ్డు చెప్పను, జుట్టు మళ్లీ వస్తుంది. ఊఁహూఁ అంటే మాత్రం "మామయ్యా, మొక్కు మీది, మీరే తీర్చుకోండి" అనాల్సిందే. స్కూలు సంగతి వేరు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మతబోధనలో, ఆరాధనలో పాల్గొనాలంటే సమ్మతి ఉండాలని, మైనరైతే సంరక్షకులదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. అవసరమైతే మర్యాదగా ఉత్తరం రాసివ్వండి.

ఇంత చేశాక కూడా పదేళ్ల పిల్ల వచ్చి "నేను నమ్ముతాను" అనొచ్చు. అననివ్వండి. నాన్నమ్మ పక్కన కూర్చుని దీపం పెట్టుకుంటానంటే మనం చెప్పాల్సింది అగ్గిపుల్ల జాగ్రత్త అని మాత్రమే.