బీఎఫ్‌ఎస్సీ కోర్సు: నాలుగో ఏడాదిని ముందు చూసుకుని చేరండి

బీఎఫ్‌ఎస్సీ (చేపలు, రొయ్యల గురించి చదివే ఫిషరీస్ డిగ్రీ) పూర్తిచేసి ఇప్పుడు భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, నీళ్ల శాంపిల్ తెచ్చిన రైతులే "మా పిల్లని ఈ కోర్సులో వెయ్యొచ్చంటావా అమ్మా?" అని అడుగుతారు. రిపోర్టు చేతికిచ్చే లోపల చెప్పగలిగేది కొంచెమే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నా మార్కు ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కింద చెబుతాను.

ఇది బీఎస్సీ జువాలజీ లాంటిది కాదు. జాతీయ వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ ఖరారు చేసిన సిలబస్ మీద నడిచే నాలుగేళ్ల ప్రొఫెషనల్ కోర్సు. ఇంటర్ బైపీసీ చదివి ఉండాలి, నీట్ అక్కర్లేదు. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టో ముందే రాసిపెట్టి ఉంటుంది, మనం ఎంచుకునేది తక్కువే. అలాంటప్పుడు ప్లాన్ చేసుకోవడానికి ఏముంది అని నా క్లాస్‌మేట్లు చాలామంది అనేవాళ్లు. నన్నడిగితే ఈ కోర్సుకి ప్లానింగే ప్రాణం. చివరి ఏడాది స్టూడెంట్ రెడీ అని ఉంటుంది. అప్పుడు పిల్లల్ని పొదిగించే హేచరీలోనో, ప్రాసెసింగ్ ప్లాంటులోనో, ఊళ్లో రైతుల దగ్గరో ఉండి పని నేర్చుకోవాలి. ఆ రోజుల్లో ఎక్కడ ఉండాలనుకుంటున్నారో మొదటి ఏడాదే ఒక అంచనాకి వస్తే, మధ్యలో వచ్చే సబ్జెక్టులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. లేకపోతే అన్ని పేపర్లూ విడివిడిగా బట్టీ పట్టడమే మిగులుతుంది.

రొయ్యల జబ్బుల వైపు వెళ్లాలనుకున్న పిల్లకి సాయిల్ అండ్ వాటర్ కెమిస్ట్రీ, లిమ్నాలజీ (చెరువులు, నదుల్లాంటి మంచినీళ్ల శాస్త్రం), మైక్రోబయాలజీ, పాథాలజీ, థెరప్యూటిక్స్ ఇవన్నీ ఒకే తాడు. మొదటి పేపర్లో ఆల్కలినిటీ (నీళ్ల క్షార గుణం) అర్థం కాకపోతే, తర్వాత రొయ్య పెంకు మెత్తబడి వదులయ్యే లూజ్ షెల్ గురించి చదివినా తలకెక్కదు. ప్రాసెసింగ్ వైపు చూసేవాళ్లకి బయోకెమిస్ట్రీ, ఫ్రీజింగ్ టెక్నాలజీ, క్వాలిటీ అస్యూరెన్స్ ముఖ్యం. మన రొయ్య అమెరికాకి, యూరప్‌కి వెళుతుంది. అందులో యాంటీబయోటిక్ ఆనవాళ్లు దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది. అక్కడ పనిచేసే మనిషికి ఆ పేపర్లే అన్నం పెడతాయి.

సిలబస్‌లో సబ్జెక్టు పక్కన 2+1 అని అంకెలు కనిపిస్తాయి. ప్లస్‌కి ముందుది థియరీ, తర్వాతది ప్రాక్టికల్. ఆ రెండో అంకెని మాత్రం అస్సలు వదులుకోవద్దు. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి చూడండి. చెరువు నీళ్లు గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నింపాలి. మాంగనీస్ సల్ఫేట్, తర్వాత ఆల్కలైన్ అయొడైడ్ పోయాలి. ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. యాసిడ్ పోస్తే మడ్డి కరిగి పసుపు నీళ్లవుతాయి. థయోసల్ఫేట్ చుక్కలు వేస్తూ, చివర్లో స్టార్చ్ కలిపి, ఆ నీలం రంగు పోయేదాకా చూడాలి. ఇప్పుడు మీటర్ ముంచితే నిమిషంలో అంకె వచ్చేస్తుంది, నిజమే. కానీ ఆ గోధుమరంగు చిక్కబడటం, పల్చబడటం కళ్లతో చూసినవాళ్లకి ఆక్సిజన్ తగ్గడం అంటే ఏమిటో మనసులో నాటుకుపోతుంది.

తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు పోయి చెరువులో గాలి కలిపే ఏరేటర్లు ఆగి, రొయ్య గట్టు పక్కకి తేలుతోందని రైతు ఫోన్ చేస్తాడు. రాత్రంతా ఎండ లేదు కాబట్టి నీళ్లలోని ఆల్గే (నాచు) ఆక్సిజన్ చేయదు. ఆల్గే, రొయ్య, అడుగున ఉన్న బురద అన్నీ కలిసి ఉన్నది వాడేసుకుంటాయి. సూర్యుడు రాకముందే అతి తక్కువకి పడిపోతుంది. "మేత ఆపండి, జనరేటర్ వేయండి" అని తడబడకుండా చెప్పగలగడం ఆ ప్రాక్టికల్ క్లాసుల చలవే.

ఇక లోటుపాట్లు. ఇప్పుడు మన చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ రొయ్య మన దేశంలోకి 2009లో అధికారికంగా వచ్చింది. అప్పటినుంచి చెరువుల్లో సమస్యలు మారిపోతూనే ఉన్నాయి, క్లాసులో నోట్స్ అంత వేగంగా మారవు. ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి సోకితే రొయ్య వెంటనే చావదు, ఎదగదు. మేత తింటూనే ఉంటుంది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రాదు. దీనికి నమ్మదగ్గ మందు లేదు. సీడ్ (రొయ్య పిల్లలు) దింపేముందే జబ్బు క్రిమిని జన్యుపదార్థంతో పట్టే పీసీఆర్ పరీక్ష చేయించుకుని, చెరువు శుభ్రంగా ఎండగట్టుకోవడమే దారి. ఇలాంటివి ఊళ్లో రైతుల దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది.

లెక్కల విషయం కూడా చెప్పాలి. బైపీసీ పిల్లలకి స్టాటిస్టిక్స్, చేపల జనాభా అంచనా వేసే పేపర్లు పెద్ద టెన్షన్. చేప వయసుకీ పొడవుకీ సంబంధం చెప్పే వాన్ బెర్టలన్ఫీ సమీకరణం చూసి హాస్టల్లో ఏడ్చినవాళ్లు ఉన్నారు. మొదటి సెలవుల్లోనే ఎక్సెల్, కొంచెం స్టాటిస్టిక్స్ నేర్చుకుని వెళ్లండి. ఎమ్మెఫ్‌ఎస్సీ (ఫిషరీస్ పీజీ)కి ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈకి వెళ్లాలనుకునేవాళ్లకి అది తప్పదు.

నేను తగ్గించిన ఆ ఒక్క మార్కు సముద్రానిది. సిలబస్‌లో నావిగేషన్ ఉంది, వలలు ఉన్నాయి, పడవలు ఉన్నాయి. మేము చదివిన కాలేజీలో మాత్రం మమ్మల్ని సముద్రం మీదకి పంపలేదు. ఒడ్డున బోట్లు చూపించి, బోర్డు మీద బొమ్మలు గీయించి ముగించేశారు. ఇంత పెద్ద తీరం ఉన్న రాష్ట్రంలో బీఎఫ్‌ఎస్సీ పట్టా పుచ్చుకున్న పిల్ల వల వేయడం కళ్లారా చూడలేదంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కొత్త సిలబస్‌లో ఏడాదికి ఆపేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకి ఆపేస్తే డిప్లొమా ఇచ్చే వెసులుబాటు వచ్చింది. ఇంట్లో తప్పనిసరి పరిస్థితి ఉంటే తప్ప అటు చూడకండి. ఈ కోర్సు విలువంతా నాలుగో ఏడాదిలో చెరువుల మీద, ప్లాంటుల్లో ఉంది. ఉద్యోగాల్లో కూడా మత్స్యశాఖలో ఆఫీసర్ స్థాయి పోస్టులైనా, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ అయినా పూర్తి డిగ్రీకే దారి.

కాలేజీ ఎంచుకునే ముందు ఒకసారి వెళ్లి చూడండి. నెల్లూరు దగ్గర ముత్తుకూరైనా, తెలంగాణలో పెబ్బేరైనా, బయట రాష్ట్రమైనా సరే. క్యాంపస్ చెరువుల్లో నీళ్లు, చేపలు ఉన్నాయా, పీసీఆర్ మిషన్ పనిచేస్తోందా, కవరు కప్పి ఉందా అని సీనియర్లని అడగండి. నాలుగో ఏడాది ఇన్‌ప్లాంట్ శిక్షణకి ఎక్కడికి పంపుతారో అడగండి. హేచరీలు ఎక్కువగా ఊళ్లకి దూరంగా సముద్రం ఒడ్డున ఉంటాయి, రాత్రి పనులు తప్పవు. ఆడపిల్లలకి అక్కడ విడిగా గది, బాత్రూమ్ ఉంటాయా లేదా అన్నది ఫీజు కట్టకముందే తేల్చుకోండి.