స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ యాంటీబాడీలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలో స్క్వాలీన్‌కు ఆక్సిజన్‌ను చేర్చే ఎంజైమ్ స్క్వాలీన్ ఎపాక్సిడేజ్. దాన్ని గుర్తించడానికి నాలుగేళ్లుగా నేను కుందేళ్ల నుంచి వచ్చిన, ఎంచుకున్న ప్రోటీన్‌కు అతుక్కునే రెండు యాంటీబాడీలు వాడుతున్నాను. ఒకటి మోనోక్లోనల్, అంటే ప్రోటీన్‌లో ఒకే చోటుకు అతుక్కునేది; రెండోది పాలీక్లోనల్, అంటే పలు చోట్లకు అతుక్కునే యాంటీబాడీల మిశ్రమం. ఏ ప్రశ్నకు ఏది పనికొస్తుందో తెలియడానికే నాకు మొదటి ఏడాది గడిచిపోయింది.

మనిషిలో ఈ ఎంజైమ్ పొడవు 574 అమినో ఆమ్లాలు, బరువు సుమారు 64 కిలోడాల్టన్లు. కణంలో కొలెస్ట్రాల్ పెరిగినప్పుడు మార్చ్6 అనే లైగేజ్ ఎంజైమ్ దీనికి యుబిక్విటిన్ అనే పారవేత గుర్తును తగిలించి, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌కు అప్పగిస్తుంది. అయితే ప్రోటియాసోమ్ కొన్ని అణువులను పూర్తిగా ముక్కలు చేయకుండా ఎన్-చివర (ప్రోటీన్ మొదలయ్యే కొస) ఉన్న నియంత్రణ భాగంలో కొంత తొలగించి వదిలేస్తుంది. అలా మిగిలిన పొట్టి రూపం కొలెస్ట్రాల్ ఎంత ఉన్నా పనిచేస్తూనే ఉంటుంది. నా మోనోక్లోనల్ అతుక్కునేది సరిగ్గా ఆ తెగిపోయే భాగానికే కనుక, పొట్టి రూపం దానికి కనిపించదు. పాలీక్లోనల్‌ను మిగతా భాగంతో తయారు చేశారు కాబట్టి అది రెండింటినీ చూపిస్తుంది. ఈ తేడా తెలియని రోజుల్లో బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో బరువు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ మీదికి మార్చి యాంటీబాడీతో చూసే పరీక్ష) పాలీక్లోనల్ చూపిన కింది బ్యాండ్‌ను చెత్త అనుకొని బొమ్మలోంచి కత్తిరించేశాను. తర్వాత ఎస్ఐఆర్ఎన్ఏ (ఎంచుకున్న ప్రోటీన్ తయారీని అణచే చిన్న ఆర్ఎన్ఏ)తో ఎంజైమ్‌ను తగ్గించి చూస్తే రెండు బ్యాండ్లూ కలిసే వెలిసిపోయాయి, అంటే కిందిదీ ఈ ఎంజైమే. మోనోక్లోనల్ ఇచ్చే శుభ్రమైన ఒంటి బ్యాండ్ మీద నాకున్న మోజు ఆ రోజుతో తగ్గింది.

పాలీక్లోనల్‌తో అసలు చిక్కు లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) మారినప్పుడు వస్తుంది. మూడో లాట్‌లో 50 కిలోడాల్టన్ల దగ్గర కొత్త బ్యాండ్ తేలింది, ఎస్ఐఆర్ఎన్ఏ ఇచ్చినా అది కదల్లేదు. బ్లాకింగ్ (యాంటీబాడీ అక్కడా ఇక్కడా అతుక్కోకుండా మెంబ్రేన్‌ను కప్పడం) సమయం పెంచి చూడమని అమ్మినవారు సలహా ఇచ్చారు. పెంచాను, పాలపొడి మాని బీఎస్ఏ (ఆవు సీరమ్ అల్బుమిన్) కూడా వాడాను, ఫలితం లేదు. మరో లాట్ పంపేసరికి మూడు వారాల నమూనాలు ఖర్చయిపోయాయి. ఇప్పుడు ప్రతి కొత్త లాట్‌నూ పాత లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) మీద పాతదాని పక్కనే నడిపి చూశాకే పనిలోకి తీసుకుంటాను.

మామూలు సీరమ్‌లో పెరిగిన కణాల్లో సిగ్నల్ బలహీనంగా ఉంటే యాంటీబాడీ చచ్చిందని తొందరపడకూడదు. లైపోప్రోటీన్ తీసేసిన సీరమ్‌లో, కొలెస్ట్రాల్ తయారీని తగ్గించే స్టాటిన్‌తో ఒక రాత్రి ఉంచితే కొలెస్ట్రాల్ జన్యువులను నడిపే ఎస్ఆర్ఈబీపీ-2 అనే ప్రోటీన్ మేల్కొని ఎంజైమ్‌ను బాగా పెంచుతుంది. నేను పాజిటివ్ కంట్రోల్ (తప్పక సిగ్నల్ రావాల్సిన నమూనా)‌గా పెట్టుకునేది ఆ లైసేటే. అదే బ్లాట్‌లో కొలెస్ట్రాల్ దారిలోని మరో ఎంజైమ్ హెచ్ఎంజీ-కోఏ రిడక్టేజ్‌ను కూడా చూడాలనుకుంటే నమూనాను మరిగించకండి. ఎనిమిదిసార్లు పొరను దాటే ఆ ప్రోటీన్ వేడికి గడ్డకట్టి జెల్ పైనే ఆగిపోతుంది. నేను 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతాను.

సూక్ష్మదర్శిని పనికి పాలీక్లోనల్‌ను సిఫారసు చేయను. ఎంజైమ్ ఉండేది ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే పొరల వల‌లో, ఇది వెలిగించేది కేంద్రకాన్ని. మోనోక్లోనల్ మాత్రం కేంద్రకం చుట్టూ వలలాంటి అల్లికను చక్కగా చూపుతుంది. రెండూ కుందేలువే కావడంతో, వాటిని చూపే రెండో యాంటీబాడీ తేడా పట్టదు కనుక, ఒకే మెంబ్రేన్ మీద ఒకేసారి వాడలేక ప్రతిసారీ జంట జెల్‌లు నడపాల్సి వస్తోంది.

పాలీక్లోనల్ మంచి లాట్‌వి ఫ్రీజర్‌లో ఇంకా రెండు ట్యూబులున్నాయి. పొట్టి రూపాన్ని కొలవాల్సిన బ్లాట్‌ల కోసమే వాటిని దాచాను.