గ్యాస్‌లెస్ వెల్డింగ్ వైరు కొంటున్నారా? స్టిక్కర్ గీకి చూడండి (బరంపురం వెళ్లేవాళ్లు మరీనూ)

కోపం చల్లారాక రాద్దామనుకున్నాను గానీ, అది చల్లారేలా లేదు. ఇప్పుడే బస్సు దిగి ఇంటికొచ్చాను. కాళ్లు కూడా కడుక్కోలేదు.

షాపు పేరు రాయను. ఒడిశా బరంపురంలో వెల్డింగ్ సామాను కొనే మనవాళ్లకి పేరు చెప్పక్కర్లేదు. పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి, అటు ఇచ్ఛాపురం నుంచి అందరం అక్కడికే కదా పోయేది. ఓనరు తెలుగాయన, బేరం తెలుగులో నడుస్తుందని మనకో ధీమా. ఆ తెలుగు సంగతి కింద చెప్తాను.

ఇంట్లో పాత ఓమ్ని ఉంది. సైలెన్సర్ పైపు తుప్పుపట్టి జాయింటు దగ్గర ఊడింది. నా దగ్గరున్నది చిన్న ఇన్వర్టర్ మిగ్ మెషిన్ (వైరుని తనే తోసుకుంటూ వెల్డింగ్ చేసేది), వెల్డుకి గాలి తగలకుండా కాపాడే గ్యాస్ సిలిండర్ లేదు. పెరట్లో ఎప్పుడో ఓసారి పైపులు అతుక్కునేవాడికి సిలిండరు మోసుకురావడం, నింపించడం ఎందుకొచ్చిన తిప్పలు? పైగా ఆరుబయట గాలి కొడితే గ్యాస్ నిలవదు. అందుకే ఫ్లక్స్ కోర్ వైరు. తీగ లోపల గొట్టంలా ఉండి మందు నింపి ఉంటుంది, అది కాలి వచ్చే పొగే వెల్డుని గాలి తగలకుండా కాపాడుతుంది.

ఇక్కడే ఉంది కిటుకంతా. ఫ్లక్స్ కోర్ అన్నదల్లా గ్యాస్ లేకుండా నడవదు. ఈ71టీ-11, ఈ71టీ-జీఎస్ అనే నంబర్ల వైర్లు గ్యాస్ లేకుండా నడుస్తాయి. ఈ71టీ-1 అనేది కూడా ఫ్లక్స్ కోరే, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ దానికి బయట్నుంచి గ్యాస్ పెట్టి తీరాలి. చివర సీ ఉంటే సీఓటూ, ఎమ్ ఉంటే ఆర్గాన్ కలిపిన గ్యాస్. 1 కి, 11 కి తేడా ఒక్క గీత. ఆ ఒక్క గీత మీదే బతికేస్తున్నారు కొందరు.

నేను షాపులో అడిగింది అక్షరాలా ఇది: "గ్యాస్ లేకుండా నడిచేది, 0.8 ఎంఎం, ఈ71టీ-11 గానీ జీఎస్ గానీ ఇవ్వండి." దానికాయన, "0.8 లేదు బావూ, 1 ఎంఎం ఉంది. గ్యాస్‌లెస్సే. నీకు నేను వేరే వైరు ఇస్తానేటి?" అన్నాడు. ఐదు కేజీల స్పూలు, అంటే వైరు చుట్టిన రీలు. తెల్ల స్టిక్కర్ మీద ఈ71టీ-11 అని, దానికింద గ్యాస్‌లెస్ అని నీటుగా ప్రింటు. టీ కూడా తెప్పించాడు మహానుభావుడు.

ఇంటికొచ్చి టిప్ మార్చాను, రోలరు గాడి మార్చాను. పోలారిటీ మార్చావా అని అడిగేవాళ్ల కోసం ముందే చెప్తున్నా: టార్చి (వైరు బయటికొచ్చే పిడి) నెగటివ్‌కి, ఎర్త్ క్లాంపు పాజిటివ్‌కి పెట్టాను. గ్యాస్‌లెస్ వైరుకి అలాగే పెట్టాలి. కారు బ్యాటరీ నెగటివ్ తీసేశాను. పైపుని మెరిసేదాకా గ్రైండింగ్ చేశాను. పల్చటి పైపు కదా, గీత లాగితే కన్నం పడిపోతుందని ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, చల్లారనిస్తూ వేశాను. ఇంకేం చెయ్యాలి?

స్లాగ్ (వెల్డు మీద గట్టిపడే పెంకు) కొట్టి వైరు బ్రష్ వేస్తే కింద పురుగు తిన్న వంకాయలా ఉంది వెల్డు. గ్రైండ్ చేస్తే ఆ కన్నాల కింద ఇంకా కన్నాలు. వోల్టేజి మార్చి, స్పీడు మార్చి చూశాను, అవే కన్నాలు. సరే, స్లాగ్ లోపల ఇరుక్కుందేమోలే అనుకుని బండి స్టార్ట్ చేయించి సైలెన్సర్ మూతికి తడిగుడ్డ అడ్డం పెట్టాను. అతుకు చుట్టూ సబ్బునీళ్లు రాస్తే చుట్టంతా బుడగలే, ఒకచోట నల్లటి మసి నీళ్లతోపాటు కారుతోంది. వెల్డు మధ్యలోంచే లీకు!

మా మావయ్య విశాఖ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. ఆయన వెల్డు వంక ఓసారి చూసి, స్పూలు అందుకుని "గ్యాస్ ఏదిరా దీనికి?" అన్నారు. గ్యాస్‌లెస్ కదా మావయ్యా అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. స్టిక్కర్ మూల గోటితో గీకారు. పైనది ఊడొచ్చింది, కింద అసలు కంపెనీ లేబులు. ఈ71టీ-1సీ. పక్కనే షీల్డింగ్ గ్యాస్ సీఓటూ అని ఇంత లావు అక్షరాలు. "ఓడలకి సిలిండరు పెట్టి కొట్టే వైరు ఇది. నీ పెరట్లో ఎలా నడుస్తాదిరా?" అన్నారు.

పొద్దున్నే బస్సెక్కాను. షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు. నన్ను చూసి "రా బావూ" అన్నాడు నవ్వుతూ. నేనేం గొడవ పడలేదు. స్పూలు కౌంటరు మీద పెట్టి, సగం ఊడిన స్టిక్కర్ పూర్తిగా లాగేసి, లేబులు ఆయన వైపు తిప్పాను. రెండు క్షణాలు చూశాడు. నవ్వు పోయింది, దాంతోపాటు తెలుగు కూడా పోయింది! "ఫేరస్తొ హెబొ నాహిఁ" అన్నాడు, వాపసు కుదరదని ఒడియాలో. అంతే, అక్కణ్నుంచి ఒక్క ముక్క తెలుగు లేదు. బావూ లేదు. నేను తెలుగులో అడుగుతుంటే నాకు జవాబు చెప్పడం మానేసి, పక్కనున్న కస్టమర్లకి ఒడియాలో చెప్తున్నాడు, చేతకానివాళ్లంతా మెషిన్లు కొనేసి మా వైరు మీద పడతారని.

నేను ఒకటో తరగతి నుంచి ఒడియా మీడియమే. ఆయనకా సంగతి తెలీదు. ఒడియాలోనే అడిగాను, ఈ స్టిక్కర్ ఎవరు అతికించారని. ఆ కస్టమర్లిద్దరూ లేబులు చూడ్డానికి ముందుకొంగారు. మనాయన వెంటనే హిందీలోకి దిగిపోయాడు! మూడు భాషలొచ్చు కానీ, ఒక్క భాషలోనూ సమాధానం లేదు.

ఆఖరికి నా చేతిలోంచి బిల్లు లాక్కుని పెన్నుతో చూపించాడు. అందులో ఉన్నది "వెల్డింగ్ వైర్ 5 కేజీ" అని మాత్రమే. గ్యాస్‌లెస్ అని లేదు, నంబరు లేదు. పైగా స్పూలు వాడేశావు కదా అన్నాడు. వాడకపోతే తెలిసేదెలా? తప్పంతా నాదేనట, చూసుకుని కొనుక్కోవాలట. నిజమే, రేపట్నుంచి కందిపప్పు కొన్నా ప్యాకెట్టు తొక్క ఒలిచి, లోపల ఇంకో పప్పు పేరుందేమో చూసుకుంటాను.

డబ్బులు పోయాయని కాదు నా బాధ. ఆ డబ్బుకి సైలెన్సరే కొత్తది వచ్చేది, అది వేరే సంగతి. ఓమ్నిలో ఇంజిను ముందు సీట్ల కిందే ఉంటుంది, పైపు మన కాళ్ల కిందనుంచే పోతుంది. లీకైన పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. అద్దాలు ఎత్తేసి కూర్చుంటే నిద్ర వచ్చినట్టే ఉంటుంది. ఈ వారం పిల్లల్నెక్కించుకుని పాతపట్నం నీలమణి దుర్గ గుడికి వెళ్దామనుకున్నాం. తడిగుడ్డ పెట్టి చూడకపోతే ఆ బండిలోనే వెళ్లేవాళ్లం. గ్యాస్‌లెస్ స్టిక్కర్ అతికించిన చెయ్యి ఎవరిదో గానీ, వాడింట్లో పిల్లలు లేరా?

సరే, మీరు కొనేటప్పుడు స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉందేమో గోటితో గీకండి. పెట్టె మీదా స్పూలు మీదా ఒకే నంబరు ఉండాలి. బిల్లులో ఆ నంబరు రాయించుకోండి, రాయనంటే బయటికొచ్చేయండి. రాగి రంగులో మెరుస్తుంటే అది దాదాపుగా ఈఆర్70ఎస్-6 గట్టి తీగ, దానికీ గ్యాస్ కావాలి. పల్చటి పైపుకి 0.8 దొరికేదాకా ఆగడమే నయం. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చెయ్యొచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు, బరంపురం చుట్టూ తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు సరుక్కి ఫీజు కూడా లేదు. నేను మా గజపతి జిల్లాలో వేస్తున్నాను, ఫొటోలన్నీ తీసిపెట్టాను.

కేసు తేలాక ఆ స్పూలు ఎవరికైనా ఇచ్చేస్తాను. సీఓటూ సిలిండరున్న ఫ్యాబ్రికేషన్ షాపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి. వైరు మంచిదే పాపం, దాని మీద రాసిందే అబద్ధం.