ఏజెన్సీ కొండదారుల్లో తిరగడానికి డీజిల్ ఫోర్‌బైఫోర్: థారా, గూర్ఖానా, క్యాంపరా?

పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వైపు పనుల మీద తిరిగేవాళ్లు డీజిల్ ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి) కొనాలనుకుంటే ముందుకొచ్చేవి మూడు: మహీంద్రా థార్ 2.2, ఫోర్స్ గూర్ఖా, బొలెరో క్యాంపర్ ఫోర్‌వీల్. జిమ్నీ తేలిక బండి, కొండ బాగానే ఎక్కుతుంది, కానీ మన దేశంలో పెట్రోల్‌లోనే దొరుకుతుంది. థార్ 1.5 డీజిల్ చవగ్గా కనిపిస్తుంది గానీ దానిలో వెనక చక్రాలకే ఇంజిన్ బలం అందుతుంది. రూపం చూసి అడ్వాన్సు కట్టేస్తే మొదటి వర్షానికే ట్రాక్టర్‌కి ఫోన్ చేయాల్సి వస్తుంది.

ముందు డీజిల్ లెక్క. కాగితాల మీది మైలేజీ పక్కన పెట్టి, ఘాట్, తారు, మట్టి కలిసిన వాడకంలో లీటరుకు థార్ 2.2 మాన్యువల్‌కి 12 కిలోమీటర్లు, గూర్ఖాకి 10 అనుకుందాం. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే థార్ 125 లీటర్లు తాగుతుంది, గూర్ఖా 150. లీటరు రూ.97 లెక్కన తేడా నెలకు రూ.2,425. చిన్న మొత్తం కాదు. అయితే ఇదే తేడాను ఏ బండిలోనైనా మీ చేతులతో మీరే తెచ్చుకోవచ్చు. లావుపాటి మడ్ టైర్లు, టాప్ మీద ఖాళీ క్యారియర్, మట్టి కోసం తగ్గించిన గాలి తారు మీదకొచ్చాక మళ్లీ నింపకపోవడం... ఇవన్నీ డీజిల్ తాగేవే. బురదలో టైర్ల గాలిని 18–20 పీఎస్ఐకి దించితే పట్టు బాగుంటుంది, కానీ రోడ్డెక్కగానే డోర్ స్టిక్కర్ మీదున్న అంకెకు తేవాలి. జిగురు మట్టి రోజూ తగలకపోతే తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ టైర్లు చాలు.

ఇంజిన్ బలంలో తేడా పెద్దది కాదు. థార్‌ది 2,184 సీసీ, 130 బీహెచ్‌పీ, 300 ఎన్ఎం. 2024 నుంచి వస్తున్న గూర్ఖాది 2,596 సీసీ, 138 బీహెచ్‌పీ, 320 ఎన్ఎం. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ) థార్‌కు 226 మి.మీ., గూర్ఖాకు 233 మి.మీ. ఆ ఏడు మిల్లీమీటర్లు చూసి బండి ఎంచుకోనక్కర్లేదు. అసలు తేడా డిఫరెన్షియల్ లాకుల్లో ఉంది, అంటే ఒక చక్రం జారినా ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేవాటిలో.

వాన కురిసిన ఎర్రమట్టి ఎత్తు ఊహించుకోండి. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గాల్లో తేలాయి. థార్‌లో వెనక మెకానికల్ లాక్ తనంతట తాను పడుతుంది, కానీ అందుకు గాల్లో ఉన్న చక్రం కాస్త గట్టిగా తిరగాలి. చక్రం తిరగ్గానే చాలామంది భయపడి కాలు తీసేస్తారు, లాక్ పడదు. యాక్సిలరేటర్ మీద కాలు కదలకుండా ఉంచితే వెనకనుంచి 'టక్'మని వినిపిస్తుంది, బండి ముందుకు లేస్తుంది. ఈ లాక్ అన్ని వేరియంట్లలో రాదు. బుకింగ్ కాగితం మీద రాయించుకోండి. గూర్ఖాలో ముందు, వెనక రెండు ఇరుసులకూ లాకులున్నాయి, డ్రైవరే వేయాలి. రాళ్లలోకి దిగే ముందే వేసుకుంటే చక్రం వృథాగా తిరగదు, టైరు కోసుకుపోదు. ముందు లాక్ పడ్డప్పుడు స్టీరింగ్ బిగుస్తుంది కాబట్టి మలుపుల్లో దాన్ని తీసేయాలి. గట్టి రోడ్డు మీద ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే మామూలు వేగం గేర్లలో) తిప్పితే ఏ బండిలోనైనా లోపలి గేర్ల మీద బరువు పడుతుంది, డీజిలూ వృథా.

వాగుల సంగతి. థార్‌కు 650 మి.మీ., గూర్ఖాకు 700 మి.మీ. లోతు వరకు పర్వాలేదంటారు, గూర్ఖాకు స్నార్కెల్ (ఇంజిన్ పైనుంచి గాలి పీల్చే గొట్టం) కంపెనీదే వస్తుంది. ఆ అంకెలు నిలిచిన నీటికి. పారే వాగుకు కాదు. ముందు కర్రతో నడిచి చూడాలి. ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే నెమ్మది గేర్లు) వేసి, రెండో గేరులో వెళ్లాలి, మధ్యలో క్లచ్ తొక్కకూడదు, ఆగకూడదు. ఇంజిన్‌లోకి నీరు వెళ్లి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. దాటిన మర్నాడు డిఫరెన్షియల్ ఆయిల్ చూడండి. పాల రంగుకు తిరిగిందంటే నీరు చేరినట్టే. వెంటనే మార్చాలి.

కొండల్లో నెమ్మదిగా తిరిగే బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిళ్లన్నిటినీ పీడించేది డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. పది కిలోమీటర్ల చిన్న ట్రిప్పుల్లో ఫిల్టర్‌లోని మసి కాలే వేడి పుట్టదు. బండి మళ్లీ మళ్లీ ప్రయత్నించి అదనపు డీజిల్ పోస్తుంది. అందులో కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరుగుతుంటే సంతోషించకండి, మార్పించండి. డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ దీపం వెలిగితే వెంటనే బండిని కొండ దించి, 2,000 ఆర్‌పీఎం పైన 15–20 నిమిషాలు ఆగకుండా నడపాలి. తక్కువ బూడిదనిచ్చే ఆయిలే పోయించాలి.

క్యాంపర్ వేరే జాతి. 75 బీహెచ్‌పీ, 200 ఎన్ఎం, వెనక పట్టీ స్ప్రింగులు. కాఫీ బస్తాలు, సిమెంటు, పైపులు మోసేవాళ్లకు దీన్ని మించింది లేదు. ఖాళీగా వెళ్తే రాళ్ల మీద ఎగురుతుంది, అప్పుడు ఇరుసు మీద రెండు ఇసుక బస్తాలు వేస్తే నిలుస్తుంది.

నా ఓటు: వారంలో ఐదు రోజులు తారు, రెండు రోజులు మట్టి అయితే లాక్ ఉన్న థార్ మాన్యువల్. రోజూ వాగులు, రాళ్లు దాటుతూ ఆరేడుగురిని ఎక్కించుకునేవాళ్లకు ఐదు తలుపుల గూర్ఖా. దానికి సర్వీస్ కేంద్రాలు తక్కువ కాబట్టి క్లచ్ ప్లేటు, ఫిల్టర్లు ముందే తెచ్చిపెట్టుకోవాలి. సెకండ్ హ్యాండ్ గూర్ఖా చూస్తుంటే తయారీ ఏడాది అడగండి: 2021–23 బండ్లలో 90 బీహెచ్‌పీ, 250 ఎన్ఎం మాత్రమే. కొనే ముందు మెత్తటి మట్టిలో రెండు లాకులూ వేసి తీసి చూడండి. ఏళ్ల తరబడి వాడని లాక్ బిగుసుకుపోయి ఉంటుంది.