స్టార్ ట్రాకర్ కొంటున్నారా? కొత్తదని చెప్పి వాడినది అంటగడుతున్నారు, జాగ్రత్త

2025 అక్టోబర్‌లో లెమ్మన్ తోకచుక్క (సి/2025 ఎ6) సందట్లో ఆన్‌లైన్‌లో ఒక స్టార్ ట్రాకర్ తెప్పించాను. నక్షత్రాలు సాగకుండా ఫోటో తీసేందుకు, కెమెరాను ఆకాశంతోపాటే మెల్లగా తిప్పే మోటారు పరికరం అది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. కానీ అదే ప్రకటన ఇప్పుడు ‘జెమినిడ్స్ స్పెషల్’ అని, డిసెంబర్ ఉల్కాపాతం పేరు పెట్టుకుని మళ్లీ తిరుగుతోంది. ఉల్కల ఫోటోలకు ట్రాకర్ ఎందుకో వాళ్లకే తెలియాలి, వైడ్ లెన్సూ ట్రైపాడూ ఉంటే సరిపోతుంది.

పెట్టెకు సీల్ ఉంది. తెరిచేటప్పుడు వీడియో తీశాను, అదే ఇప్పుడు అక్కరకొస్తోంది. లోపల డవ్‌టెయిల్ ప్లేటు (కెమెరాను బిగించే పట్టీ) మీద స్క్రూ బిగించిన గీతలు. క్లచ్ నాబ్ (బిగించే గుండీ) అంచున నల్లరంగు అరిగిపోయి కింద లోహం మెరుస్తోంది. సీరియల్ నంబర్ స్టిక్కర్ ఒక మూల ఊడదీసి మళ్లీ అతికించినట్టుంది. వారంటీ కార్డు మీద ముద్ర ఉంది, తేదీ లేదు. అడిగితే ‘ఫ్యాక్టరీ టెస్టింగ్ గీతలు సార్’ అన్నారు.

అక్టోబర్ 20న దీపావళి, 21న ఆ తోకచుక్క భూమికి బాగా దగ్గరగా, సుమారు 9 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వచ్చింది. చంద్రుడు లేని రాత్రి. టపాసుల పొగ తప్పించుకుందామని రాజమండ్రి దాటి పొలాల్లోకి వెళ్లి, పడమటి దిక్కున 135 ఎంఎం లెన్స్‌తో నిమిషం చొప్పున ఎక్స్‌పోజర్లు తీశాను. చుక్కల్లా రావాల్సిన నక్షత్రాలన్నీ వడ్లగింజల్లా సాగి వచ్చాయి.

ఫోటోలు పంపితే మొదటి జవాబు: ‘మీరు పోలార్ అలైన్‌మెంట్ సరిగ్గా చేయలేదు.’ అంటే ట్రాకర్ అక్షాన్ని ధ్రువ నక్షత్రం ఆధారంగా ఆకాశ ధ్రువానికి గురిపెట్టడం. ఈ మాట మన దగ్గర ఇట్టే అతుకుతుంది. మన అక్షాంశానికి ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మంచు పట్టిందంటే కనిపించదు కూడా. కానీ అలైన్‌మెంట్ తప్పితే నక్షత్రాలు ఫ్రేము ఫ్రేముకీ ఒకే వైపు, ఒకే తీరుగా జరుగుతాయి. నా ఫ్రేముల్లో అవి తూర్పు పడమరలుగా ఊగాయి, మధ్యలో ఉన్నట్టుండి ఒక గెంతు. అది మోటారు పళ్లచక్రం జబ్బు.

అది చూపిస్తే రెండో జవాబు: ‘తోకచుక్క కదులుతుంది కదా సార్, అందుకే సాగింది.’ నిజమే, కదులుతుంది. కానీ ట్రాకర్ తిరిగేది నక్షత్రాల వేగంతో. బాగా పనిచేస్తే నక్షత్రాలు నిలబడాలి, అలికితే తోకచుక్కే కాస్త అలకాలి. ఇక్కడ నక్షత్రాలే సాగాయి! దీనికి జవాబు రాలేదు.

ఈలోగా మోంథా తుపాను. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటేదాకా, దాటాక కూడా ఆకాశం తెరిపివ్వలేదు. ఆ మబ్బుల్లోనే రిటర్న్ గడువు అయిపోయింది. ‘గడువు దాటింది’ అని చేతులు దులిపేసుకున్నారు. గడువులోపలే యాప్‌లో ఫిర్యాదు రాసి ఉంచాను కనుక విషయం బతికి ఉంది.

ఇంకో సంగతి. నేను ఆర్డర్ పెట్టాక ఆ ప్రకటనలో ‘మా ట్రాకర్‌తో తీసిన లెమ్మన్’ అని ఒక ఫోటో చేర్చారు. అందులో తోక పసుప్పచ్చగా వెడల్పుగా పరుచుకుని ఉంది. లెమ్మన్ తల కార్బన్ అణువుల వెలుగుతో ఆకుపచ్చగా, తోక సన్నగా నీలంగా ఉండింది. ఆ ఫోటో చూస్తే 2020 నాటి నియోవైజ్ తోకచుక్కో, 2024 నాటి సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్కో అనిపిస్తుంది.

ఎవరి దగ్గర కొన్నా, తోకచుక్క కోసమో అమావాస్య కోసమో ఆగకండి. వచ్చిన రాత్రే మేడ మీద పరీక్ష పెట్టండి. ట్రాకర్‌ను ధ్రువం నుంచి కావాలనే ఒకటి రెండు డిగ్రీలు తూర్పుకో పడమరకో తిప్పండి. అప్పుడు నక్షత్రం చుక్కలా కాక మెల్లగా గీతలా సాగుతుంది, ఆ గీతలోనే మోటారు తీరు బయటపడుతుంది. గొల్లకావడి మూడు నక్షత్రాలు ఖగోళ మధ్యరేఖ దగ్గరే ఉంటాయి, వాటికి గురిపెట్టి, ఐఎస్‌ఓ తగ్గించి పది నిమిషాలు వరసగా తీసి ఫ్రేములన్నీ కలపండి. గీత నున్నగా, చిన్న అలలా వస్తే బాధ లేదు. మెట్లుమెట్లుగా, గెంతులతో వస్తే మాత్రం వెంటనే వెనక్కి పంపేయండి. స్విచ్ ‘ఎన్’ (ఉత్తరార్ధగోళం) వైపు ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే ఆ నెపం కూడా మీ మీదే వేస్తారు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువును గానీ, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును గానీ వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాకే అటునుంచి కదలిక వచ్చింది. ఇప్పుడు రీప్లేస్‌మెంట్ ఇస్తామంటున్నారు. అదే గోడౌన్ నుంచి ఇంకో పెట్టె వస్తే కథ మళ్లీ మొదటికే కదా, డబ్బే వాపసు ఇవ్వమన్నాను.