వూహాన్‌లో గది దొరకని రాత్రి

డబ్బు ముందే కట్టించుకొని, అర్ధరాత్రి గుమ్మంలో నిలబెట్టి గది లేదు పొమ్మనడం ఏ ఊళ్లోనైనా అన్యాయమే. వూహాన్‌లో మాకు అదే జరిగింది.

నగరంలో హాన్‌కౌ అనే ప్రాంతంలోని ఆ హోటలుకు 218 యువాన్లు ఆన్‌లైన్‌లో చెల్లించాం. తీరా రాత్రి పదకొండున్నరకు చేరితే, కౌంటరులోని అమ్మాయి మా పాస్‌పోర్టులు అటూ ఇటూ తిప్పి, ఫోనులో అనువాదం చూపించింది: ‘విదేశీయులకు గది ఇవ్వము.’ విదేశీ అతిథుల వివరాలు పోలీసుల వద్ద నమోదు చేయాలి. ఆ పని పెట్టుకోలేని హోటళ్లు ఇలా చేతులు దులుపుకుంటాయి. ఎంత బతిమాలినా వినలేదు. మా ఆవిడ పెట్టె మీద కూర్చుండిపోయింది, ఒక్క మాటా లేదు. చివరికి రెండు వీధుల అవతల 460 యువాన్లకు గది దొరికింది. విదేశీయులకు గది ఇస్తారని రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే డబ్బు కట్టండి.

మా పొరపాటూ ఒకటుంది. యాంగ్జీ, హాన్ నదులు కలిసేచోట వూచాంగ్, హాన్‌కౌ, హాన్‌యాంగ్ అనే మూడు ఊళ్లు ఒకటై ఈ నగరమైంది. పెద్ద రైల్వే స్టేషన్లూ మూడు. హోటలు హాన్‌కౌ స్టేషన్ పక్కన, మా రైలు ఆగింది నదికి అవతలి వైపు వూహాన్ స్టేషన్‌లో. టాక్సీకి 58 యువాన్లు అయ్యాయి.

మర్నాడు పొద్దున్న వీధి చివర 6 యువాన్లకు రెగాన్‌మ్యెన్ తిన్నాం. వేడి నూడుల్స్‌లో చిక్కటి నువ్వుల ముద్ద, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు, పులుసు ఉండదు. నువ్వుల వాసన తగలగానే మా ఆవిడ ముఖం విప్పారింది. రాత్రి నుంచి అప్పుడే మొదటిసారి మాట్లాడింది, ఇంకో గిన్నె కావాలని.

హుబెయ్ ప్రాంతీయ మ్యూజియంలో, 1978లో ఒక ప్రాచీన సమాధి నుంచి బయటపడిన 65 కంచు గంటలు చూశాం, ప్రవేశం ఉచితం. పసుపు కొంగ గోపురానికి 70 యువాన్లు. పాత కట్టడమనుకొని వెళ్లకండి, 1985లో కాంక్రీటుతో తిరిగి కట్టినది. అసలు స్థలం 1957 నాటి యాంగ్జీ వంతెన కిందికి పోయింది. ఆ వంతెన మాత్రం మా రాజమహేంద్రవరం వంతెనలాగే పైన బస్సులు, కింద రైళ్లు.

దాన్ని చూడాలంటే సాయంత్రం వూచాంగ్ రేవులో పడవ ఎక్కాలి. మేం వెళ్లినప్పుడు మనిషికి ఒకటిన్నర యువాన్లు! స్కూటర్లతో సహా జనం ఎక్కారు. ఎదురుగా హాన్‌కౌ కస్టమ్స్ భవనం గడియార స్తంభం, వెనక వంతెన మీద దీపాలు. అవతలి ఒడ్డు చేరగానే మా ఆవిడ టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్లి, మూడు యువాన్లు ఇచ్చి, మళ్లీ రెండు టికెట్లు కొంది.