‘మెరైన్ వైరు’ కొంటున్నారా? ముందు తొక్క వలిచి చూడండి

వైజాగ్ హార్బర్లో బోటు ఉన్నవాళ్ళకి ఆ షాపేదో నేను చెప్పక్కర్లేదు. పేరు రాయను. మెరైన్ వైరు, అంటే ఉప్పునీటిని తట్టుకునే బోటు వైరు అనగానే అందరూ పంపేది అక్కడికే, నన్నూ అలాగే పంపారు.

వేట నిషేధం 61 రోజులూ బోటు ఒడ్డునే ఉంటుంది కదా, ఈలోగా వైరింగు మొత్తం మార్చేద్దామనుకున్నాను. లైట్లు, జీపీఎస్, వైర్‌లెస్ సెట్టు, అడుగున చేరిన నీళ్ళు తోడే పంపు, అన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీదే. కళాయి (తగరం పూత) పూసిన రాగితీగ కావాలని అడిగితే, షాపాయన గల్లాపెట్టె పక్కనున్న ముక్క నా కళ్ళముందే వలిచి చూపించాడు. వెండిలా మెరిసింది. అంతే, పడిపోయాను. గోడౌన్ నుంచి కుర్రాడు తెచ్చిన సీలు కాయిల్ మాత్రం విప్పలేదు. రైతుబజార్లో అరకిలో వంకాయలకి ప్రతి కాయా తిప్పి చూసే మనిషిని, 7,800 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి వచ్చేశాను. వైరింగు చేసిన కుర్రాడిని ఇప్పుడడిగితే, ‘ఎర్రగానే ఉంది అన్నా, మీరు మామూలుదే కొన్నారనుకున్నా’ అంటాడు. వాడినేమనను?

మూడు నెలలు తిరగలేదు. మొన్న రాత్రి నడిసముద్రంలో పంపు ఆగింది, కాసేపటికి జీపీఎస్ ఆరిపోయింది. బకెట్లతో నీళ్ళు తోడుకుంటూ, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగు పట్టుకుని ఒడ్డుకొచ్చాం. వేట సంగతి సరేసరి.

వైరు కోసి చూస్తే చివర పచ్చగా చిలుం. మూరెడు లోపలికి కోసినా నలుపే. దీపం వత్తి నూనె పీల్చినట్టు, ఆ సన్న తీగల సందుల్లోంచి ఉప్పునీరు లోపలికి పాకేస్తుంది. కళాయి ఉంటే తీగ అంత తొందరగా పాడవదు. వట్టి రాగికి ఏ అడ్డూ లేదు.

ఆ ముక్క పట్టుకుని షాపుకెళ్ళాను. చూడనైనా చూడలేదు. ఫోన్లోంచి తలెత్తకుండా, ‘ఉప్పునీళ్ళలో తిరిగే బోటుకి చిలుం పట్టక పసుపు పడుతుందా?’ అన్నాడు. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. బిల్లు చూపిస్తే, ‘వైరు 30 మీటర్లు అనే ఉంది, కళాయి అని రాశానా?’ అని నాకే చదివి వినిపించాడు. చివరగా, ‘చదువుకున్నోడివి, విప్పి చూసుకోవద్దా బాబూ’ అని బుద్ధి కూడా చెప్పాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ ఒక్క మాట నిజం కావడమే నాకు ఇప్పటికీ మండుతోంది.

కొసరుగా ఇచ్చిన సిలికాన్ ట్యూబు ఇంకో ఘనకార్యం. మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన. ఆ రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రాగిని అదే తినేస్తుంది. నేను ప్రతి జాయింటు మీదా ప్రేమగా, దండిగా పూశాను. ఉచితం కదా!

కొనేవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళే కాయిల్‌నే అక్కడ వలిపించండి, శాంపిల్ ముక్క కాదు. బ్లేడుతో గీస్తే పైన తెలుపు, లోపల ఎరుపు ఉండాలి. పైన ఎరుపు, లోపల తెలుపు అయితే అది రాగి పూత వేసిన అల్యూమినియం, ఇంకా దరిద్రం. ‘కళాయి పూసిన రాగి’ అని బిల్లు మీద రాయించండి. జాయింట్లకి లోపల జిగురుండే హీట్ ష్రింక్ ట్యూబు (వేడి తగిలితే ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) వేయండి, వైరుని జాయింటు కిందికి కాస్త వంపు తిప్పితే నీటిబొట్టు అక్కడే కారిపోతుంది.

మిగిలిన ఆరు మీటర్లకీ మా ఇంట్లో బట్టలారేస్తున్నారు. కాకినాడలో గానీ, మచిలీపట్నంలో గానీ అసలు సరుకు అమ్మే షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఈ వారంలోనే కావాలి.